కాలేయం సంగతి తర్వాత రాస్తాను

ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర
జూలై 9

భూతద్దానికి,

నీకు ఈ పేరు మీ అన్నయ్య పెట్టిందే కాబట్టి కోపం ఉంటే ఆయన మీద చూపించు. నేను కాపురానికొచ్చిన కొత్తలో నువ్వు చీమని దారంతో కట్టి భూతద్దం కింద పెట్టి లెక్కలు వేసేదానివి. ఇలాంటి ఆడపడుచుతో ఎలా వేగాలిరా అనుకున్నాను. ఇప్పుడు అదే నీ ఉద్యోగమైంది, నాకు అవసరమూ పడింది.

మీ అన్నయ్యకి జ్వరం. కంగారు పడకు. నేను రోజూ ఇంటి సంగతులు రాసుకునే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. జూన్ 30, పదకొండున్నరకి చలి, రెండు దుప్పట్లు కప్పినా మంచం అదిరింది. ఒంటిగంటకి నూట నాలుగు. సాయంత్రానికి చెమటలు పోసి దిగిపోయింది. మర్నాడు ఏమీ లేదు, గడియారాల కొట్టు తీశారు. జూలై 2, పదకొండుంపావుకి మళ్ళీ చలి. 3న లేదు. 4న పదకొండు దాటగానే వచ్చింది. నిన్న కూడా.

నేను 6వ తేదీ పొద్దున పదకొండుకల్లా దుప్పట్లు తీసి మంచం మీద పెడితే, "రాని జ్వరానికి పరుపులు వేస్తున్నావేమే" అని ఎగతాళి చేశారు. పది నిమిషాల్లో పళ్ళు టకటకలాడాయి. జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషికి గడియారం చూసుకుని వచ్చే జ్వరం పట్టింది.

డాక్టరు గారు వేలు గుచ్చి రక్తం చూసి మలేరియా అన్నారు, వైవాక్స్ రకమట. మూడు రోజులకి పెద్ద మాత్రలు, పద్నాలుగు రోజులకి చిన్న మాత్రలు రాశారు. చిన్నవి అందరికీ పడవని, ముందు వేరే రక్తపరీక్ష చేయించి, దాని ఫలితం వచ్చాకే ఇస్తారట.

నాకు అర్థం కానిది ఒక్కటే. పురుగుకి రోజు విడిచి రోజు అని ఎవరు చెప్పారు? ఫోన్లో చెప్పకు, మర్నాటికి సగం మర్చిపోతాను. రాసి పంపు, పుస్తకంలో అతికించుకుంటాను.

మీ వదిన


ల్యాబు నుంచి, కిటికీ పక్క బల్ల
జూలై 14

వదినకి,

నీ ఉత్తరం మా ల్యాబులో అందరికీ చదివి వినిపించాను. మా పెద్ద టెక్నీషియన్ గారు, "ఇంత చక్కటి జ్వరం చార్టు మన వార్డులో ఒక్కటి లేదు, ఆవిణ్ణి ఇక్కడ చేర్చెయ్" అన్నారు.

నువ్వడిగింది మంచి ప్రశ్న. ఆ జీవి అన్నయ్య రక్తంలో ఎర్ర కణంలోకి దూరుతుంది. మొదట రంగు వేసిన స్లైడు మీద ఉంగరంలా కనిపిస్తుంది. నీలపు ఉంగరం, దాని మీద ఎర్ర చుక్క. కెంపు పొదిగినట్టే ఉంటుంది, అన్నయ్య ఒంట్లో కాకపోతే అందంగా ఉందనేదాన్ని. అది కణంలోని సరుకంతా తిని పెరిగి, పది ఇరవై ముక్కలుగా విడిపోయి, కణాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఒక్కొక్క ముక్కా మళ్ళీ ఒక కొత్త కణంలోకి. దూరడం దగ్గర్నుంచి పగలడం దాకా నలభై ఎనిమిది గంటలు. లక్షల కణాలు దాదాపు ఒకే వేళకి పగులుతాయి. ఆ పగిలే వేళే నువ్వు దుప్పట్లు తీసే వేళ.

అన్నీ ఒకేసారి ఎందుకు పగులుతాయి, లోపల గంట కొట్టేదెవరు అంటే, పూర్తిగా తెలియదు వదినా. తెలిసినవాళ్ళం అనుకునేవాళ్ళం కూడా అక్కడికొచ్చేసరికి గొంతు సవరించుకుంటాం.

మూడు రోజుల మాత్రలతో ఉంగరాలు చస్తాయి. జ్వరం పోతుంది. పోయాక ఇక భయం లేదు. రక్తంలోకి రాకముందు అది కాలేయంలో ఉంటుంది, అదో పెద్ద కథ. బయట నా కోసం ట్రే నిండా స్లైడ్లు ఉన్నాయి, కాలేయం సంగతి తర్వాత రాస్తాను.

అన్నయ్యని సతాయించకు. సతాయిస్తే నా వంతు కూడా కలుపు.

నీ మరదలు


ఇంటి నుంచి
జూలై 27

భూతద్దానికి,

జ్వరం పోయింది. 12వ తేదీ తర్వాత పుస్తకంలో జ్వరం గీత పైకి లేవలేదు. నీ ఉత్తరం జూలై పేజీలో అతికించాను. "పోయాక ఇక భయం లేదు" అన్న చోట గీత కూడా గీశాను, ఆయనకి చూపించడానికి.

కిటికీలకి జాలీలు కొట్టించాను. బకెట్లు బోర్లించాను. మందుల డబ్బా దులిపి సర్ది, దేనికి దానికి చీటీ అంటించాను. మేడ మీద రెండు గదులు ఖాళీగానే ఉన్నాయి, మంచివాళ్ళెవరైనా ఉంటే చెప్పు.

కాలేయం సంగతి రాస్తానన్నావు. తీరిక చిక్కినప్పుడు రాయి.

మీ వదిన


ఇంటి నుంచి
డిసెంబరు 6

భూతద్దానికి,

మళ్ళీ వచ్చింది. నవంబరు 29న పన్నెండింటికి చలి. డిసెంబరు 1, 3 తేదీల్లో అదే వరస. డాక్టరు గారు మళ్ళీ రక్తం చూసి అదే రకం అన్నారు. జ్వరానికి మూడు రోజుల మాత్రలు ఇచ్చి, "మీ ఇంటి చుట్టుపక్కల దోమలు చూసుకోండి, మళ్ళీ కుట్టినట్టుంది. తగ్గాక వారానికి రండి, మిగతా మాత్రలు రాస్తాను" అన్నారు.

మా ఇంట్లో దోమ పుట్టడానికి చుక్క నీరు లేదు. కాబట్టి మేడ ఎక్కాను.

అక్టోబరులో ఒక టైలరమ్మ దిగిందని రాశానా? ఒంటరి మనిషి. బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. కిటికీలోంచి పొద్దంతా వెలుతురు పడుతుందని ఆ గదే కావాలని తీసుకుంది. మనిషి చేతిపని బాగుంటుంది, నోటిపని ఇంకా బాగుంటుంది. ఆవిడ స్నానాల గదిలో నీళ్ళ డ్రమ్ము, మూత లేదు. తొంగి చూస్తే నీళ్ళలో పురుగులు వంకర్లు తిరుగుతున్నాయి.

"ఇవేమిటి?" అన్నాను.

"దోమలు పెట్టిన పిల్లలు అక్కగారూ."

"నీ డ్రమ్ములో ఎందుకు పెట్టాయి?"

"అడిగి పెడతాయా? వాటికి నేనేమైనా గది అద్దెకిచ్చానా?"

నాకు ఒళ్ళు మండింది. ఆయన కింద దుప్పట్లో వణుకుతుంటే ఇక్కడ హాస్యాలా? జనవరి ఆఖరుకి గదులు ఖాళీ చెయ్యమన్నాను. ఆవిడ నోట్లోంచి దారం తీసి, "చేతిలో రెండొందల జతలున్నాయి. ఫిబ్రవరి పదికి బడికి ఇవ్వాలి. మిషన్లు విప్పి, మళ్ళీ ఎక్కడో బిగించి, వెలుతురు వెతుక్కుని... బడివాళ్ళు ఇంకోళ్ళకి ఇచ్చేస్తారు అక్కగారూ" అంది. ఈసారి హాస్యం లేదు.

నేను మాట వెనక్కి తీసుకోలేదు. డ్రమ్ము పారబోయించి దిగొచ్చాను. చేసింది సరైనదే కదా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు.

మీ వదిన


ల్యాబు నుంచి
డిసెంబరు 11

వదినకి,

సరైనదో కాదో నాకు ఇంకా తెలియదు. అందుకని నీకు పనులు చెబుతున్నాను.

ఒకటి, డ్రమ్ములో మిగిలిన నీళ్ళేమైనా ఉంటే, లేదా మళ్ళీ పురుగులు కనిపిస్తే, ఒక గాజు గ్లాసులోకి తీసి కదపకుండా ఉంచి చూడు. ఊపిరి కోసం పైకొచ్చినప్పుడు ఎలా ఉన్నాయి? నీటి మీద చాప పరిచినట్టు అడ్డంగా పడుకున్నాయా, తోక పైకి ఆనించి తలకిందులుగా వేలాడుతున్నాయా? మలేరియా దోమ పిల్లలు పడుకుంటాయి. మిగతావి వేలాడతాయి.

రెండు, డాక్టరు గారిని అడిగి అన్నయ్య స్లైడు ఒకటి నాకు పంపు. నా కళ్ళతో చూస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

మూడు, ఒక్కసారి ఆలోచించు. దోమ ఆ జీవితో పుట్టదు. డ్రమ్ములో పుట్టిన దోమ పరిశుభ్రంగా పుడుతుంది. జబ్బున్న మనిషిని కుట్టినప్పుడే దాని కడుపులోకి ఆ జీవి మగ, ఆడ రూపాలు చేరతాయి. అక్కడ అవి కలిసి, కడుపు గోడకి బుడిపెలు కట్టి, వేలకి వేలు పుట్టి, దాని ఉమ్మి గ్రంథుల్లోకి పాకడానికి పదిరోజుల పైనే పడుతుంది. ఆ తర్వాత అది కుడితేనే మనకి వస్తుంది. అంటే టైలరమ్మ డ్రమ్ములో దోమలు పుట్టాయని అన్నయ్యకి జ్వరం రాదు. ఆ చుట్టుపక్కల జబ్బున్న మనిషి ఒకరుండాలి. మీ వీధిలో ఇంకెవరికైనా జ్వరమొచ్చిందా?

నాలుగు. జూలైలో ఆ చిన్న మాత్రలు పద్నాలుగు రోజులూ పడ్డాయి కదా?

నీ మరదలు


ఇంటి నుంచి
డిసెంబరు 17

భూతద్దానికి,

చూశాను! ముందు అది చెబుతాను.

డ్రమ్ము అడుగున రెండు గ్లాసుల నీళ్ళు మిగిలాయి. టైలరమ్మ, "పిల్లల్ని దత్తత తీసుకుంటారా" అంది. గ్లాసు కిటికీ దగ్గర పెట్టి, మీ అన్నయ్య గడియారాలకి కంటికి బిగించుకునే అద్దం తెచ్చి నేను బిగించుకున్నాను. మొదట నా కనురెప్పలే కనిపించాయి. తర్వాత కుదిరింది. ఏం చెప్పను! ఒక్కొక్కదానికి తోక దగ్గర చిన్న గొట్టం ఉంది, దాన్ని నీటి పైపొరకి ఆనించి తలకిందులుగా వేలాడుతున్నాయి. గ్లాసు మీద గోటితో కొడితే అన్నీ ఒక్కసారి లోపలికి పరుగు. కొంచెంసేపటికి ఒక్కొక్కటే పైకొచ్చి మళ్ళీ వేలాడతాయి. ఒక్కటి కూడా పడుకోలేదు. ఇరవై మూడు లెక్కపెట్టాను.

గంట సేపు కూచున్నాను. పొయ్యి మీద పాలు మాడాయి. నా పుస్తకంలో పాలు మాడినట్టు రాయడం ఇదే మొదటిసారి.

మీ అన్నయ్య వచ్చి, "నా అద్దంతో దోమల్ని రిపేరు చేస్తున్నావా" అన్నారు. ఆయన కూడా చూశారు. ఇద్దరం వంతులవారీగా చూశాం.

కాబట్టి ఆ డ్రమ్ము దోమలు మలేరియావి కావు. వీధిలో ఇంటింటికీ అడిగాను. ఎవరికీ జ్వరం లేదు. డాక్టరు గారి దగ్గర రక్తం తీసే కుర్రాణ్ణి అడిగి తెచ్చిన స్లైడు దూదిలో చుట్టి గడియారం పెట్టెలో పెట్టి ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. మీ అన్నయ్యకి జ్వరం తగ్గింది.

మీ వదిన


ల్యాబు నుంచి
డిసెంబరు 22

వదినకి,

స్లైడు పగలకుండా చేరింది. తోటివాళ్ళెవరూ లేనప్పుడు చూశాను. వేల మంది రక్తం చూశాను గానీ అన్నయ్యది చూడటం ఇదే మొదలు. ఉంగరాలున్నాయి. అవి దూరిన కణాలు ఉబ్బి, పక్కవాటికన్నా పెద్దగా ఉన్నాయి. అది వైవాక్స్ గుర్తు. మగ ఆడ రూపాలు కూడా ఉన్నాయి. అంటే ఈ రక్తం తీసిన రోజుల్లో మలేరియా దోమ ఒకటి అన్నయ్యని కుట్టి ఉంటే, దాని తర్వాతి మజిలీ మేడ మీది కిటికీ కావచ్చు. ఆవిడ నుంచి మనకి రాలేదు. మన నుంచి ఆవిడకి వెళ్ళే వీలుంది. ఆవిడ రక్తం ఒకసారి చూపించు.

ఇప్పుడు జూలైలో రాయాల్సింది డిసెంబరులో రాస్తున్నాను.

దోమ కుట్టినప్పుడు దాని ఉమ్మితో సన్నటి దారపు ముక్కల్లాంటివి లోపలికి వెళతాయి. అవి రక్తంలో నిలవవు, తిన్నగా కాలేయానికి పోతాయి. అక్కడ వారం పది రోజులు చడీ చప్పుడూ లేకుండా పెరుగుతాయి. మనిషికి ఏమీ తెలియదు. తర్వాత వేలుగా విడిపోయి రక్తంలోకి దిగుతాయి, అక్కడినుంచి నీకు తెలిసిన కథే. కానీ వైవాక్స్‌కి ఇంకో అలవాటుంది. కాలేయానికి చేరినవాటిలో కొన్ని పెరగవు. నిద్రపోతాయి. వారాలు, నెలలు, ఒక్కోసారి ఏడాది పైన. ఎందుకు లేస్తాయో, ఏ రోజు లేవాలో వాటికి ఎలా తెలుస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. లేచాక కొత్త దోమ అక్కర్లేదు, కొత్త కుట్టు అక్కర్లేదు. జాలీలు, బోర్లించిన బకెట్లు దాన్ని ఆపలేవు, అది ఇంట్లోనే ఉంది కాబట్టి.

మూడు రోజుల మాత్రలు వాటిని తాకవు. నిద్రపోయేవాటిని చంపేవి ఆ చిన్న మాత్రలే, పద్నాలుగు రోజులూ.

నేను ఆ రోజు ట్రే చూసుకుని "ఇక భయం లేదు" అని రాసి పెన్ను మూసేశాను. వదినా, నా నాలుగో ప్రశ్నకి నువ్వు జవాబు రాయలేదు. ఇరవై మూడు పురుగులు లెక్కపెట్టిన మనిషి ఒక ప్రశ్న మరిచిపోదు.

నీ మరదలు


ఇంటి నుంచి
డిసెంబరు 27

భూతద్దానికి,

మరిచిపోలేదు.

జూలై పేజీలో పద్నాలుగు గళ్ళు గీశాను. నాలుగింటిలో టిక్కులున్నాయి. ఐదో రోజు ఆయన కడుపులో తిప్పుతోందన్నారు. జ్వరం లేదు. నీ ఉత్తరం ఆ రోజే వచ్చింది, ఇక భయం లేదని. ఈ ఇంట్లో ఏ మాత్రా పారెయ్యం. మిగిలిన పదీ కత్తిరించి, మందుల డబ్బాలో పెట్టి, "జ్వరం మళ్ళీ వస్తే" అని చీటీ అంటించాను. చాలా పద్ధతిగా చేశాననుకున్నాను. ఆయన నేను చేతిలో పెడితే మింగుతారు, పెట్టకపోతే అడగరు.

డిసెంబరులో డాక్టరు గారు, "మొదటిసారి మాత్రలు పూర్తిగా వాడారా?" అని అడిగారు. "ఆ" అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. అందుకే ఆయన కొత్త దోమ అనుకున్నారు. అందుకే నేను మేడ ఎక్కాను. వారానికి రమ్మన్నారు కదా, మళ్ళీ అదే అడుగుతారని వెళ్ళలేదు. తప్పు నాదని నీ నాలుగో ప్రశ్న చదివినప్పుడే అనుమానం వచ్చింది. గ్లాసు ముందు గంట కూచున్నది పురుగుల కోసం మాత్రమే కాదు. అవి పడుకుని ఉంటే బాగుండునని చూశాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఆయన్ని తీసుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. డాక్టరు గారు తిట్టలేదు, తిడితే బాగుండేది. "ఇలాంటివాళ్ళు చాలామంది వస్తారు. ఎవరూ చెప్పరు" అన్నారు. పాతవి పారేయమని కొత్త పద్నాలుగు రాశారు, అన్నం తిన్నాక వెయ్యమన్నారు, అలాగైతే కడుపులో తిప్పదట.

తర్వాత మేడ ఎక్కాను. టైలరమ్మ ఒక మిషను అప్పటికే విప్పేసింది. బెల్టు మేకుకి వేలాడుతోంది. గుడ్డల మూటలు తలుపు దగ్గర పెట్టింది. సందు చివర ఒక గది దొరికిందట, కిటికీ లేదు.

"ఖాళీ చెయ్యక్కర్లేదు. నాదే పొరపాటు" అన్నాను.

ఆవిడ కత్తెర కింద పెట్టలేదు. "అప్పుడు డ్రమ్ము చూపించి మాట్లాడారు. ఇప్పుడేం చూపిస్తారు?"

పాత మాత్రలు పట్టుకునే వెళ్ళాను. నా చీటీ అంటించి ఉన్న పదీ ఆవిడ చేతిలో పెట్టి, కాలేయం సంగతి, నిద్ర సంగతి, డాక్టరు గారికి చెప్పిన అబద్ధం అన్నీ చెప్పాను. ఆవిడ చీటీ చదివింది. వెనక్కి తిప్పి చూసింది.

"నాలుగు రోజులకే ఆపేశారా? చేతులు కుట్టకుండా చొక్కా ఇచ్చేసినట్టుంది అక్కగారూ" అంది. "నా డ్రమ్ము దోమలు పాపం ఊరికే మాట పడ్డాయి."

"దానికి మూత మాత్రం పెట్టాలి. అవి వేరే జబ్బులు తెస్తాయట."

"మూత పెడతాను. ఉండనిస్తారా మరి, మళ్ళీ ఇంకో జ్వరం వస్తే?"

గది ఇచ్చి ఒకసారి మాట తప్పినదాన్ని. కింద ఉన్న ఆయన్ని పైకి పిలిచాను. ఆయన వచ్చి ఏమీ అడక్కుండా నేల మీద కూచుని ఆ మిషను బిగించడం మొదలుపెట్టారు. ఆవిడ కాసేపు చూసి, "అది గడియారం కాదు సారూ, కొంచెం గట్టిగా తిప్పాలి" అంది. మూటలు తలుపు దగ్గరి నుంచి తీసింది.

కానీ ఒక షరతు పెట్టింది. "మీ పుస్తకంలో టిక్కులు నేను నమ్మను. రోజూ పొద్దున సారు తిన్నాక మెట్లెక్కి వచ్చి నా కళ్ళ ముందు మింగాలి."

ఒప్పుకున్నాను. నాకు కోపం రాలేదు, అదే వింత.

మీ వదిన


ల్యాబు నుంచి
జనవరి 3

వదినకి,

నీ ఉత్తరం ల్యాబులో ఎవరికీ చదివి వినిపించలేదు. నాలో నేనే రెండుసార్లు చదువుకున్నాను.

నీ జూలై పేజీలో నా ఉత్తరం ఉంది కదా. దాని పక్కన నా మాటగా ఇది రాయి: "సగం చెప్పి ఊరుకున్నది మరదలు." ఒక్కదానివే మొయ్యకు. ఇప్పుడు మా బల్ల మీద "కాలేయం" అని రాసిన అట్ట ముక్క ఒకటి పెట్టాను. వైవాక్స్ వచ్చిన ప్రతి రిపోర్టుతోపాటు ఆ మనిషికి కాలేయం సంగతి చెప్పి గానీ పంపడం లేదు. మొన్న ఒక ముసలాయన మొత్తం విని, "నిద్రపోయేదాన్ని లేపకుండా చంపడం ఎలాగమ్మా" అన్నాడు. దానికోసమే పద్నాలుగు రోజులు అన్నాను.

టైలరమ్మ రక్తం చూపించావా?

నీ మరదలు


ఇంటి నుంచి
జనవరి 12

భూతద్దానికి,

టైలరమ్మ రక్తంలో ఏమీ లేదు. వేలు గుచ్చేటప్పుడు నేను కళ్ళు మూసుకుంటే, "నా వేలికి రోజూ సూదే, మీరెందుకు భయపడతారు" అని నవ్వింది. నువ్వు రాయమన్నది రాశాను. పక్కన నా మాట కూడా రాశాను.

నీ కాలేయం ఉత్తరం చదివిన రోజు నుంచి ఒక ప్రశ్న మిగిలిపోయింది. కాలేయంలో నిద్రపోయేవాటికి తాము మనిషి లోపల ఉన్నామని తెలుస్తుందా? నవ్వకు. తీరిక చిక్కినప్పుడు కాదు, ఈ ఉత్తరం చదవగానే రాయి.

పద్నాలుగు రోజులూ అయ్యాయి. రోజూ పొద్దున్నే మీ అన్నయ్య ఒక చేత్తో మాత్ర, ఒక చేత్తో నీళ్ళ గ్లాసు పట్టుకుని మెట్లెక్కి వెళ్ళేవారు. ఆవిడ మిషను ఆపి చూసేది. "నోరు తెరవండి సారూ, నాలుక కింద దాచలేదు కదా" అనేది. తర్వాత గుడ్డ మీద కొలతలు గీసే సుద్దముక్కతో మెట్ల పక్క గోడ మీద ఒక గీత. తెల్లటి గోడ, నీలం సుద్ద. ఏడో రోజు ఆవిడకి గుడ్డలు తేవడానికి వెళ్ళాల్సి వచ్చింది. సుద్దముక్క నా చేతికిచ్చి, "ఈ ఒక్కటి మీరు గీయండి, వచ్చాక సారుని అడుగుతాను" అంది. గీశాను. ఆ గీత మిగతావాటికన్నా కొంచెం వంకర.

మొన్న పద్నాలుగోది ఆవిడే గీసింది. యూనిఫారాలు నూట ముప్పై అయ్యాయట.

నేను వారానికోసారి మెట్ల గోడ తుడుస్తానని నీకు తెలుసు. ఈసారి తడి గుడ్డ పట్టుకుని వెళ్ళి, గీతల దగ్గర ఆగి, వాటిని తాకకుండా చుట్టూ మాత్రమే తుడుచుకొచ్చాను. నువ్వు ఏడాది పైన కూడా నిద్రపోతాయని రాశావు కదా. కాబట్టి ఏడాది పైన ఆ గోడ అలాగే ఉంటుంది. మళ్ళీ జ్వరమొస్తే గీయడానికి గీతల పక్కన జానెడు జాగా ఖాళీగా ఉంది. మెట్లెక్కేటప్పుడు నేనూ, దిగేటప్పుడు ఆవిడా, ఆ ఖాళీ వంకే ముందు చూస్తున్నాం.

మీ వదిన